ఒళ్ళో కూర్చోబెడితే పోలా

సామాను హాలంతా పరుచుకుని ఉంది. స్కేలు టీచరమ్మ గుమ్మంలో ఆగి, అల్లరి చేస్తూ దొరికిపోయిన క్లాసును చూసినట్టు ఆ సామాను వంక చూసింది.

మడతపెట్టే తోపుడు బండి, మడత ఊడదీస్తే మంచమయ్యే సంచీ, పాలసీసాలను ఆవిరిపట్టే డబ్బా, ఆ డబ్బాకు ఇంకో డబ్బా. వీటన్నిటి మధ్యా రాజూ మంత్రీ కొలువుతీరినట్టు రెండు కారు సీట్లు, మనవరాలికి పెద్దది, మనవడికి చిన్నది. కూతురు నేలమీద కూర్చుని, పెద్ద సీటు పట్టీలను వెనక్కి మడిచి, గుడ్డపేలికతో కట్టి ముడులు వేస్తోంది.

"ఊరు మారుతున్నావా, సర్కస్ కంపెనీ పెడుతున్నావా?" అంది టీచరమ్మ.

కూతురు తలెత్తలేదు. "పట్టీలు వేలాడితే ఎక్కడైనా చిక్కుకుంటాయమ్మా. ఆ దారం ఇలా ఇవ్వు."

టీచరమ్మ దారం ఇచ్చింది, దాంతోపాటు నాలుగు మాటలూ ఇచ్చింది. లెక్కలు చెప్పినన్నాళ్ళూ చేతిలో చెక్కస్కేలు వదలలేదని బళ్ళో పిల్లలు ఆ పేరు పెట్టారు. రిటైరయ్యాక స్కేలు బీరువా ఎక్కింది గానీ మనుషుల్ని కొలిచే అలవాటు మాత్రం ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఎవర్ని కొలిచినా కాస్త తక్కువే తేలేవారు. ఈమధ్య ఎక్కువగా కొలతకు దొరుకుతున్నది కూతురే.

"నిన్ను నేను ఇలాంటివాటిల్లోనే పెంచానా? బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఊళ్ళకి ఊళ్ళు తిప్పాను. నీకేమైంది? కాళ్ళూ చేతులూ ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి."

"మరి?"

"ఏమీ కాకపోవడం నీ అదృష్టం, నా అదృష్టం," అని కూతురు పంటితో దారం తెంపింది.

కూతురి ఉద్యోగం వేరే ఊరికి మారింది. బీరువాలూ మంచాలూ లారీకెక్కించి అల్లుడు కారులో ముందే వెళ్ళిపోయాడు. పిల్లలిద్దరితో విమానంలో ఒక్కతే వెళ్ళడం కష్టమని, తోడుకూ, అక్కడ నాలుగు రోజులు సాయానికీ టీచరమ్మ బయల్దేరింది. ఈ సామానంతా అల్లుడి పైత్యమేనని ఆమె గట్టి నమ్మకం. అతను ఎప్పుడు ఫోన్ చేసినా ముందు "సీట్లు జాగ్రత్త" అంటాడు, ఆ తరవాతే పిల్లలెలా ఉన్నారని అడుగుతాడు. ఆ సాయంత్రం కూడా అలాగే అడిగాడు. టీచరమ్మ పెదవి విరిచింది. పెళ్ళాం తిడుతుందని భయపడే మగవాణ్ణయినా క్షమించవచ్చు గానీ, ప్లాస్టిక్కుకు భయపడేవాణ్ణి ఏమనాలో ఆమెకు తెలియలేదు.

*

సామాను ఇచ్చే కౌంటరులో ఏ పేచీ రాలేదు. తోపుడు బండీ, మంచమూ, పసివాడి సీటూ అక్కడే ఇచ్చేశారు. పసివాడు తల్లి గుండెకు కట్టిన జోలెలో నిద్రపోతున్నాడు. మనవరాలి సీటు మాత్రం కూతురు వీపుకు తగిలించుకుంది. పాపకు విడిగా టికెట్టు కొన్నారు. విమానంలో పాప చోటులో ఆ సీటు బిగించుకోవచ్చట. ముందూ వెనకా బరువులతో కూతురు నడుస్తుంటే జనం తప్పుకుని దారిచ్చారు, కొందరు నవ్వారు. ఆ నవ్వు తనమీద కూడా పడకుండా టీచరమ్మ నాలుగడుగులు వెనకబడి నడిచింది.

గేటు దగ్గర మెడకు టై, చేతిలో వాకీటాకీ ఉన్న సూపర్‌వైజరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది లోపలికి పోదండి. కింద సామాన్లలో వేస్తాం."

"పోతుందండి," అంది కూతురు. "పాపకి టికెట్ ఉంది. బిగించుకోవచ్చని మీ ఆఫీసులోనే చెప్పారు. విమానాల్లో వాడొచ్చని దీనిమీద స్టిక్కరు కూడా ఉంది, చూడండి." స్టిక్కరు కనబడేలా పక్కకు తిరిగింది. పసివాడు కదిలి మూలిగాడు.

అతను స్టిక్కరు చూడలేదు. ఆమె తలమీదుగా వెనకున్న వరసను చూస్తున్నాడు. "ఆఫీసులో చెప్పినవాళ్ళు ఇక్కడ లేరు కదండీ. పట్టదు."

"వెడల్పు కొలిచే తెచ్చాను. ఒకసారి లోపల పెట్టి చూద్దాం. పట్టకపోతే నేనే తెచ్చి ఇస్తాను."

"మేడమ్, మీ ఒక్కరి కోసం ఇంతమంది ఆగాలా?"

అతను ఆ మాట ఆమెతో అనలేదు, వరసతో అన్నాడు. వరస అందుకుంది. ఎవరో నిట్టూర్చారు. "ఇంత చిన్నపిల్లల్నేసుకుని ఎందుకు బయల్దేరతారో," అని ఒక ఆడగొంతు వినబడేలాగే గొణిగింది. టీచరమ్మ చెవులు వేడెక్కాయి. జీవితమంతా ఆమె వరసలు నిలబెట్టింది, సరిచేసింది, చెదిరినవాళ్ళను బయటికి లాగింది. ఆగిపోయిన వరసకు కారణంగా నిలబడటం మాత్రం ఇదే మొదలు.

ఆమె ముందుకు వచ్చింది. "తీసేసుకోండి బాబూ. విమానంలో కూడా కారు సీటేమిటి, ఈ కాలం పిల్లల చాదస్తం కాకపోతే. పిల్లని నేను ఒళ్ళో పెట్టుకుంటాను."

సూపర్‌వైజరు మొహం విప్పారింది. "అదీ, పెద్దవాళ్ళంటే అలా ఉండాలి. చూశారా మేడమ్, మీ అమ్మగారికి ఎంత చక్కగా అర్థమైందో."

ఇన్‌స్పెక్షనుకు వచ్చిన అధికారి క్లాసు మధ్యలో మెచ్చుకున్నట్టయింది టీచరమ్మకు. కూతురు తల్లి వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఒకసారి చదివి అర్థంకాని బోర్డును రెండోసారి చదువుతున్నట్టు చూసింది. తరవాత భుజం మీది పట్టీ వదులుచేసి, సీటు దించి, అతని చేతికిచ్చింది.

"జాగ్రత్తగా పెట్టించండి."

"పువ్వులా చూసుకుంటాం," అన్నాడు అతను. కూతురు అటు తిరగ్గానే దాన్ని బూటుకాలితో గోడవారకు నెట్టాడు. టీచరమ్మ చూసింది. చూసి, బోర్డింగ్ పాసు వెతుక్కునే పనిలో పడింది.

ఒళ్ళో పెట్టుకుంటానన్న మాట విమానం కదలకముందే చెల్లకుండా పోయింది. ఇంత పెద్దపిల్ల ఒళ్ళో ఉండకూడదనీ, తన చోటులోనే బెల్టు పెట్టుకుని కూర్చోవాలనీ ఎయిర్‌హోస్టెస్ చెప్పి, పాపను ఎత్తి ఆ చోటులో దింపేసింది. పెద్దవాళ్ళ బెల్టు పాప పొట్టమీద వదులుగా పడింది. పాప కిందికి జారుతూ, పైకి పాకుతూ, ముందు సీటును తంతూ ఉంది. ముందు సీటాయన రెండుమూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

"నా సీటేది అమ్మమ్మా?"

"కింద ఉంది."

"దాంట్లో ఎవరు కూర్చున్నారు?"

"ఎవరూ లేరు. నోరు మూసుకుని కూర్చో."

విమానం కుదిపినప్పుడల్లా కూతురి కుడిచెయ్యి పాపకు అడ్డంగా బిగుసుకునేది. ఎడమచెయ్యి జోలెలోని పసివాడి తలమీద ఉంది. ఆ రెండు చేతులూ దారి పొడవునా అలాగే ఉన్నాయి. పసివాణ్ణి ఇటివ్వమని టీచరమ్మ చెయ్యి చాపితే, "ఫరవాలేదమ్మా," అంది. మొండిది, అనుకుని టీచరమ్మ కిటికీ వైపు తిరిగి మబ్బుల్ని చూసింది. మబ్బులు కూడా అంత పద్ధతిగా ఏమీ లేవు.

*

దిగాక సామానంతా వచ్చింది, ఆ సీటు తప్ప. సామాను తిరిగే బెల్టు దాదాపు ఖాళీ అయ్యాక, తలకిందులుగా, ముడి తెగిన పట్టీ ఒకటి తోకలా ఈడ్చుకుంటూ వచ్చింది. కూతురు దాన్ని నేలమీద పెట్టి మోకాళ్ళమీద కూర్చుంది. వెనక డిప్పలో పైనుంచి నడిమిదాకా పగులు ఉంది. రెండు బొటనవేళ్ళతో అటూఇటూ నొక్కితే పగులు నోరు తెరిచింది. లోపలి తెల్లటి థర్మకోల్ కనబడింది.

ఫిర్యాదుల బల్ల దగ్గర ఒకతను బిస్కెట్లు తింటున్నాడు. సీటు వంక ఓరగా చూశాడు.

"గీత పడింది, అంతేగా."

"గీత కాదండి, పగులు. ఇలా పగిలితే ఇక వాడకూడదు. పాపని కార్లో తీసుకెళ్ళాలి, మాకు ఇప్పుడే ఇంకోటి కావాలి."

"ఇప్పుడే అంటే చెట్టుకి కాస్తాయా మేడమ్," అని అతను ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడాడు. మాట్లాడుతూ నవ్వాడు. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు కొంచెం మూతిమీద మిగిలిపోయింది. "అక్కడ గేటు దగ్గర మీ పెద్దావిడే తీసుకోమన్నారటగా. ఇష్టపడి ఇచ్చినవాటికి మేం ఏం చేస్తాం?" టీచరమ్మ వైపు తిరిగి, ఇద్దరికీ తెలిసిన హాస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. "ఏమ్మా, మీ పిల్లల్ని ఇలాంటివాటిల్లోనే పెంచారా?"

నిన్న హాల్లో తను అన్న మాటే. ఇంచుమించు అవే అక్షరాలు. దానికి బిస్కెట్ పొడి అంటుకుని ఉంది, అదొక్కటే కొత్త. తనకెంతో నిండుగా అనిపించిన మాట ఇంత చవగ్గా ఎవరి నోట్లోనైనా దొరుకుతుందని టీచరమ్మ అనుకోలేదు.

ఇప్పుడు కూతురు తనవైపు తిరిగి నిలదీస్తుందని ఆమె కాచుకుంది, జవాబు కూడా సిద్ధం చేసుకుంది. కూతురు తిరగలేదు. తల్లి అక్కడ ఉన్నట్టే లేదు ఆమెకు. ఆ వైపు నుంచి ఏదీ రాదని తెలిసిపోయినవాళ్ళు నిలబడినట్టు నిలబడి, "రాతపూర్వకంగా ఇస్తాను, తీసుకోండి," అంది అతనితో.

"ఆవిడ అడిగినదానికి చెప్పండి, నన్నెందుకు అడగడం," అంది టీచరమ్మ. కానీ అప్పటికే అతను కంప్యూటరు వైపు తిరిగిపోయాడు. క్లాసు గోడల్ని అదరగొట్టిన గొంతు బల్ల దాటి అవతలికి పోలేదు.

బయట అల్లుడు నల్లకళ్ళద్దాలు నెత్తిమీదికి తోసుకుని నిలబడ్డాడు. విషయం విని తేలిగ్గా నవ్వాడు. "ఓస్, ఇంతేనా. ఎంత దూరం గనక? అత్తయ్యగారి ఒళ్ళో కూర్చోబెడితే పోలా."

టీచరమ్మ ఉలిక్కిపడి అతని మొహం చూసింది.

"కుదరదు," అంది కూతురు. "మీరు వెళ్ళి కొత్త సీటు కొనుక్కురండి. వచ్చేదాకా ఇక్కడే ఉంటాం."

"నువ్వూ వెళ్ళు, ఏది కొనాలో నీకే తెలుసు," అంది టీచరమ్మ. "పిల్లల దగ్గర నేనుంటాను."

"వద్దమ్మా. ఎవరైనా వచ్చి కాస్త గట్టిగా మాట్లాడితే ఇచ్చేస్తావు."

టైమెంతయిందో చెప్పినట్టు చెప్పింది. చెప్పి, పసివాడి టోపీ సరిచేసింది. "నువ్వు ఆయనతో వెళ్ళు. లేకపోతే మధ్యలో ఎక్కడో ఆగి భోంచేసి వస్తారు."

*

కారు ఎక్కిన దగ్గర్నుంచీ అల్లుడు మాట్లాడుతూనే ఉన్నాడు. ఇన్నాళ్ళకు తన బాధ చెప్పుకోవడానికి మనిషి దొరికింది.

"మీరు గేటు దగ్గర అలా అన్నారని వినగానే ఎంత సంతోషమేసిందో అత్తయ్యగారూ. ఇంట్లో నాకు ఆ స్వేచ్ఛ కూడా లేదు. ఫోన్ చేస్తే మొదట సీట్ల గురించి అడగకపోతే, నాకు పట్టదంటుంది. అందుకని ముందు అదే అడిగేస్తాను, ఆ పీడ వదిలిపోతుంది." గేరు మార్చి, దగ్గరి చుట్టంలా నవ్వాడు. "మొన్నామధ్య పాపని ముందు సీట్లో నిలబెట్టుకుని బజారంతా తిప్పాను. ఏమైంది? మీ అమ్మాయికి తెలీదు లెండి. మీరూ చెప్పకండి."

టీచరమ్మ రోడ్డు వంక చూసింది. పక్కనుంచి లారీలు, బస్సులు పోతున్నాయి. పాప కిటికీ అద్దానికి చేతులానించి నిలబడి ఉండటం, ఇతను ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ ఇలాగే నవ్వుతుండటం ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనబడ్డాయి. ఇన్నాళ్ళూ ఇతను ప్లాస్టిక్కుకు భయపడేవాడనుకుని చులకన చేసింది. తీరా చూస్తే ఇతను తన పక్షం. గేటు దగ్గరి టై మనిషి తన పక్షం. బిస్కెట్లవాడు తన పక్షం. తన బలగం ఎలాంటిదో టీచరమ్మ మొదటిసారి ఒక్కొక్కర్నీ వరసగా నిలబెట్టి చూసుకుంది. ఒక్కడు కూడా పాసయ్యేలా లేడు.

"ఇదిగో ఈ హోటల్లో భోజనం బాగుంటుంది," అని అల్లుడు వేగం తగ్గించాడు.

"ముందు షాపు."

"ఎంతసేపండీ, చేతులు కడుక్కుని…"

"షాపు," అంది టీచరమ్మ. ఆ గొంతుకు అల్లుడి కాలు దానంతటదే బ్రేకుమీంచి లేచింది.

షాపులో సీట్లు గోడ పొడవునా అంతస్తులుగా ఉన్నాయి. అమ్మే కుర్రాయన మర్యాదగానే అడిగాడు. "పాప బరువెంత సార్? ఎత్తెంత ఉంటుంది?"

అల్లుడు చెయ్యి మోకాలి దగ్గర పెట్టి, ఆలోచించి, నడుం దాకా లేపాడు. "మామూలుగా ఉంటుంది. పిల్లలుండేటంత."

కుర్రాయన టీచరమ్మ వైపు చూశాడు. ఆమె చెప్పబోయింది. పాప అంకెల్లో చురుకని తెలుసు, మాటకు మాట చెబుతుందని తెలుసు, అన్నం దగ్గర పేచీ పెడుతుందని తెలుసు. ఆ పిల్ల ఎంత పొడుగో, ఎంత బరువో తెలియదు. పక్కన అల్లుడు చెయ్యి ఇంకా గాల్లోనే నడుం దగ్గర ఆడిస్తున్నాడు. ఆ చేతిని చూస్తే ఆమెకు ఒళ్ళు మండింది. తన చేతికీ దానికీ తేడా లేదని తోచాక ఇంకా మండింది.

కూతురికి ఫోన్ చేసింది. కూతురు బరువు చెప్పింది, ఎత్తు చెప్పింది, పట్టీలు భుజానికి ఎక్కడ రావాలో చెప్పింది, పెట్టె సీలు విప్పి ఉంటే తీసుకోవద్దంది. తడుముకోకుండా, పాఠం అప్పజెప్పినట్టు. వెనక పాప ఏదో పాట పాడుతోంది. టీచరమ్మ ఒక్కొక్కటీ విని కుర్రాయనకు అప్పజెప్పింది, చివరికి పెట్టె సీలు తనే గోటితో గీకి చూసింది.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి కూతురు ఒక స్తంభానికి ఆనుకుని నేలమీద కాళ్ళు చాపి ఉంది. ఒక తొడమీద పాప, ఒక తొడమీద పసివాడు, ఇద్దరూ నిద్రలో ఉన్నారు. "వచ్చారా," అంది, అంతే. సీటు తనే బిగించుకుంది. టీచరమ్మ చేతిసంచీ పట్టుకుని పక్కన నిలబడింది. అల్లుడు ఇంటిదాకా ఆకలేస్తోందంటూనే ఉన్నాడు.

*

మూడోనాడు విమానం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. కూతురు వంటింట్లో పాలసీసాలు కడుగుతోంది. ఫోన్ గట్టు మీద పెట్టి, అందరికీ వినిపించేలా మాట్లాడింది. అవతల ఒక ఆఫీసరు, తేనెలో ముంచితీసిన గొంతు. చాలా బాధపడ్డానన్నాడు. ఒక చిన్న విషయం మాత్రం ఆ పెద్దావిడను అడగాలన్నాడు.

కూతురు ఫోన్ తల్లి ముందుకు జరిపింది. "నీతోనే మాట్లాడతారట." మళ్ళీ సీసాల దగ్గరికి వెళ్ళింది.

"నమస్కారమమ్మా. ఆ సీటు మీరే తీసుకోమన్నారని మా సిబ్బంది అంటున్నారు. అవునో కాదో ఒక్క ముక్క చెబితే చాలు."

పంపు కట్టేసిన చప్పుడయింది.

"అవును. నేనే తీసుకోమన్నాను," అంది టీచరమ్మ.

"సంతోషమమ్మా. అయితే ఇక…"

"ఆగండి, నేను పూర్తి చెయ్యలేదు. ఆ సీటు నాది కాదు. టికెట్టు కొన్నది నేను కాదు. బిడ్డ తల్లి ఎదురుగా నిలబడి, వద్దు, కొలిచి తెచ్చాను, లోపల పెట్టి చూడండి అంటోంది. ఆవిడ మాట మీవాడి చెవికెక్కలేదు. పక్కనున్న ముసలిది తీసుకోమంటే ఎక్కింది. ఇప్పుడు మీ పక్కనున్నతను మీ చేతి వాచీ నన్ను తీసుకోమంటే తీసుకోనా?"

"అది కాదమ్మా, ఆ సమయంలో పరిస్థితి…"

"పరిస్థితి నాకు తెలుసు, అక్కడే ఉన్నాను. ఎవరి మాట పనికొస్తే వాళ్ళు పెద్దవాళ్ళు. ఆరోజు నేను మీకు పనికొచ్చాను. మీవాడు దాన్ని కాలితో నెట్టడం కూడా చూశాను, చూసి నోరు మూసుకున్నాను. అందుకు సిగ్గుపడాల్సింది నేను, పడుతున్నాను. మీరు కూడా మొదలుపెట్టండి."

తేనెగొంతు పైవాళ్ళతో మాట్లాడి చెబుతానని పెట్టేసింది.

కూతురు పంపు విప్పి, మిగిలిన సీసా కడిగి, బోర్లించింది. "వాళ్ళిక ఫోన్ చెయ్యరు," అంది.

"చెయ్యరు. నేను చేస్తాను. నాకు ఇక్కడ వేరే పనేముంది."

కూతురు చేతులు తుడుచుకుంటూ తల్లి వంక చూసింది. టీచరమ్మకు ఏదైనా అనాలని ఉంది గానీ, ఇప్పటికే ఎక్కువ మాట్లాడానేమోనని ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు కొత్త. కూర్చున్నచోట కుదురుగా ఉండలేక లేచి, బోర్లించిన సీసాలనే మళ్ళీ సర్దింది. అల్లుడు వచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. అతణ్ణి చూడగానే, చెప్పకుండా దాచినది ఇంకొకటి ఉందని గుర్తొచ్చింది. "ఇంకో సంగతి ఉంది," అని తలుపు దగ్గరికి వేసి, పాపని ముందు సీట్లో నిలబెట్టి అల్లుడు బజారు తిప్పిన విషయం కూతురికి చెప్పేసింది.

ఆ సాయంత్రం పసివాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. పాప సీటును ఎడమవైపుకు మార్చాలని కూతురు కారు వెనక తలుపులు రెండూ తీసింది. బెల్టు సందులోంచి దూర్చి లాగితే సీటు ఇంకా కదులుతోంది. లాగింది, మళ్ళీ కదిలింది.

"అమ్మా, ఇలా రా. ఇక్కడ మోకాలు ఆనించి గట్టిగా నొక్కు, నేను లాగుతాను."

టీచరమ్మ చెప్పులు విడిచి, కారులోకి వంగి, మోకాలు ఆనించింది. తల పైకప్పుకు తగిలింది.

"ఇంకా నొక్కు. నీ బలమంతా ఇంతేనా?"

టీచరమ్మ ఊపిరి బిగబట్టి, ఉన్న బరువంతా దానిమీద వేసింది. బెల్టు కిర్రుమంటూ బిగుసుకుంటోంది. తాళాలు వేలికి తిప్పుకుంటూ నిలబడ్డ అల్లుడు ముందుకు వంగి చూశాడు.

"నేను చెయ్యనా?"

"వద్దు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.